వదిన పేరున హోటలు

హోటలు వెనక మెట్ల మీద నుంచి

వదినా,

ముందు కుర్చీ లాక్కుని కూర్చో. నిలబడి చదివితే నవ్వలేక కిందపడతావు. నీ ఆడపడుచు గిన్నెలు తోముతోంది! అవును, నేనే. మంచినీళ్ళు తాగిన గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే పడేసి పోయేదాన్ని, నువ్వు ఇల్లంతా తిరిగి ఏరుకుంటూ నన్ను తిట్టుకునేదానివి. ఆ తిట్లన్నీ ఇక్కడ తగిలాయి.

నేను కుట్టుపనికి వచ్చిన ఫ్యాక్టరీ మూసేశారు. గాభరా పడకు, ఈ దేశంలో వేరే పని చేసుకోవడానికి నాకు అనుమతి ఉంది. నా గదిలో ఉండే అమ్మాయి ఈ హోటల్లోనే బల్లలు తుడుస్తుంది. "గిన్నెల దగ్గర మనిషి లేదట, వస్తావా?" అంది. వచ్చేశాను. కడగడానికి మెషీను ఉంది గానీ పెద్ద డేగిసాలు అందులో పట్టవు. వాటికి నేనే మెషీను.

నా తొట్టి గోడవైపు ఉంటుంది, పొయ్యిలన్నీ వీపు వెనక. ఏం వండుతున్నారో కనపడదు, వినపడుతుందంతే. పెద్ద వంటాయన గొంతు విని నేనే ఆయనకి 'ఉరుము' అని పేరు పెట్టుకున్నాను. ఆయన అరిస్తే చేతిలో సబ్బు జారిపోతుంది.

కష్టంగా లేదా అంటావు. చేతులు నానిపోయి వేళ్ళు ముడతలు పడ్డాయి, నడుం పడిపోతోంది. కానీ వదినా, తిరిగొచ్చే పళ్ళేలు చూస్తుంటే భలే తమాషాగా ఉంటుంది! ఒకాయన రోజూ వస్తాడు, రోజూ అదే కూర చెప్తాడు, రోజూ సగం వదిలేస్తాడు. నచ్చనివాడు ఎందుకు వస్తాడు? నచ్చినవాడు ఎందుకు వదిలేస్తాడు? ఆయన మొహం నేను చూడలేదు. పళ్ళెం చూస్తే మాత్రం గుర్తుపట్టేస్తాను.

అన్నయ్యకి చెప్పకు. తిరిగొచ్చెయ్ అంటాడు. ఫోన్ చేస్తే పక్కనే చెవులు రిక్కించుకుని ఉంటాడు కాబట్టే ఈ ఉత్తరం.

నీ ఆడపడుచు


ఇంట్లో, వంటగది గడప మీద నుంచి

మహారాజశ్రీ ఆడపడుచు గారి సముఖానికి,

నీ ఉత్తరం చదువుతూ పాలు పొంగబెట్టాను. పొయ్యంతా పాలే. మీ అన్నయ్య పరిగెత్తుకొచ్చి ఏమైందంటే చెప్పేశాను. ఏం చెయ్యమంటావ్, ఆయన మొహం చూస్తూ అబద్ధమాడటం నా వల్ల కాదు. తిరిగొచ్చెయ్ అంటాడనుకున్నావుగా? అనలేదు. "దానికి గిన్నె తోమడం వచ్చా?" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆయన పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. అది మాత్రం నేను నీకు చెప్పలేదనుకో.

ఇప్పుడు నా సందేహాలు తీర్చు. ఆ సగం కూర మనిషికి పెళ్ళాం ఉందా? ఉంటే ఇంటి దగ్గర తినడేం? పెళ్ళాం కోసం సగం ఉంచుతున్నాడేమో, పొట్లం కట్టిమ్మని అడగడానికి మొహమాటమేమో! మీ ఉరుము మూతపెట్టి వండుతాడా, తీసి వండుతాడా? మిగిలిన అన్నం ఏం చేస్తారు? నీకు తిండి వాళ్ళే పెడతారా? పెడితే ఎలా ఉంది? అన్నీ వరసగా రాయి, ఒక్కటి మింగేశావో ఊరుకోను.

నేను నా వంటింట్లోకి నిన్ను అడుగుపెట్టనివ్వలేదని వీధిలో అందరూ నన్ను ఆడిపోసుకున్నారు. అడుగుపెడితే చెయ్యి కాల్చుకుంటావని భయం తల్లీ, అంతకంటే ఏమీ లేదు. అమ్మ లేని పిల్లవి. నీ చేతికి బొబ్బ వస్తే నన్నే అంటారు. సబ్బునీళ్ళయ్యాక చేతులకి కాస్త నూనె రాసుకో.

వదిన


హోటలు, కూరగాయల గదిలో బస్తా మీద కూర్చుని

వదినా,

నువ్వు మంత్రగత్తెవి! సగం కూర మనిషికి పెళ్ళాం ఉంది, మంచం పట్టింది. బల్లలు తుడిచే అమ్మాయి చేత అడిగించాను. పొట్లం కట్టిమ్మని అడగడానికి నిజంగానే మొహమాటమట. ఇప్పుడు మేమే కట్టి ఇస్తున్నాం.

కొంప మునిగేంత పని ఒకటి చేశాను, అది చెప్పాలి. డేగిసాలు తోమేముందు అడుగున మిగిలింది వేలితో నాకే అలవాటు నాకు. ఛీ అనకు, ఇంట్లోనూ చేసేదాన్నిగా. ఒకరోజు సూప్ అడుగు నాకి, "ఇవాళ ఉల్లిపాయలు తొందరపడి దించేశారు, పచ్చివాసన పోలేదు" అని నాలో నేను గొణుక్కున్నాను. గొణుక్కున్నాననుకున్నాను! వెనక్కి తిరిగితే ఉరుము.

"ఎవత్తివే నువ్వు? గిన్నెలు తోముకోక!" అని ఇంతెత్తున లేచాడు. నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు తొట్టి దగ్గరికి ఓ చెంచా వచ్చింది, అందులో సూప్. ఆయన రాలేదు, చెంచా వచ్చింది. "బానే ఉంది, ఉప్పు చాలదు" అన్నాను. పొయ్యి దగ్గర నుంచి పెద్ద అరుపు. కాసేపటికి ఇంకో చెంచా. "ఇప్పుడు సరిపోయింది" అన్నాను. అరుపు లేదు.

అప్పట్నుంచీ ఇదే వరస. ఏది దించినా చెంచా నా దగ్గరికి రావాల్సిందే. నాకు వంట రాదని చెప్తే నమ్మడు. "వంట రాకుండా నాలుక ఎలా వచ్చింది?" అంటాడు. మా వదిన చేతి అన్నం తిని వచ్చిందని చెప్పాను. మీ వదిన ఏ హోటల్లో చేస్తుందని అడిగాడు! నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది.

ఓనరమ్మ ఇదంతా గల్లాపెట్టె దగ్గర నుంచి చూస్తూనే ఉందట. పెద్దావిడ, తక్కువ మాట్లాడుతుంది. నిన్న పిలిచి, గిన్నెలకి వేరే మనిషిని పెడుతున్నా, నువ్వు వంటింటికీ బల్లలకీ మధ్య నిలబడు, ఏ పళ్ళెమూ నీ కళ్ళబడకుండా బయటికి పోకూడదు అంది. కొత్త ఏప్రన్ ఇచ్చింది. తెల్లగా మెరిసిపోతోంది, మరక పడుతుందని ఇంకా కట్టుకోలేదు.

నీ ఆడపడుచు


ఇంట్లో, మంచం మీద నుంచి

అమ్మడూ,

చిన్నప్పుడు నువ్వు నా వంటకి పెట్టని వంక లేదు. ఇవాళ ఆ వంకలే నీకు కూడు పెడుతున్నాయంటే నాకెంత సంబరంగా ఉందో చెప్పలేను. వీధి వీధంతా చెప్పుకొచ్చాను. ఏప్రన్ కట్టుకో, పిచ్చిదానా. మరకలు పడటానికే అది పుట్టింది.

నాకు జ్వరం వచ్చి తగ్గింది. పెద్ద విషయమేం కాదు. మీ అన్నయ్య వండిన గంజి తాగి బతికాను, దానికంటే జ్వరమే నయం.

ఒక సంగతి అడగాలి. నీ తొట్టి గోడవైపు ఉండేదన్నావు. ఉల్లిపాయలు నూనెలో పడ్డప్పుడు చప్పుడు ఎలా ఉంటుంది, వేగిపోయాక ఎలా మారుతుంది, మాడబోయేముందు ఏమవుతుంది? కూర దగ్గరపడుతుంటే ఉడుకు ఎలా వినపడుతుంది? ఊరికే, తెలుసుకుందామని. మంచం మీద తోచక ఇలాంటివే బుర్రలోకి వస్తున్నాయి. విన్నది విన్నట్టు రాయి, తొందరలేదు.

వదిన


మా హోటలు పైమేడ గదిలో నుంచి

వదినా,

"మా" హోటలు అని రాశాను, చూశావా?

ఇన్నేళ్ళుగా ముక్కలు ముక్కలుగా రాస్తూనే ఉన్నాను. బల్లల దగ్గరికి వచ్చాను, సరుకులు తెప్పించే పని వచ్చింది, మేనేజర్నయ్యాను. ఓనరమ్మకి మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. ఆవిడ పిల్లలెవరికీ ఈ గోల వద్దట. "నువ్వు నడుపు, వచ్చేదాంట్లో నాకు కొంత ఇస్తూ పోతే నాలుగేళ్ళలో నీదవుతుంది" అంది. ఆ నాలుగేళ్ళూ అయ్యాయి, "నీదైపోయింది" అని మొన్న తాళాలు చేతిలో పెట్టింది. ఉరుము ఆ రోజు అరవలేదు. పొయ్యి వైపు తిరిగి నిలబడి నా మొహం చూడలేదంతే.

ఇప్పుడు అసలు బాంబు. పక్క వీధిలో ఇంకో చోటు తీసుకున్నాను! చిన్నది. పది బల్లలు కూడా పట్టవు. కానీ కిటికీలు పెద్దవి, వంటిల్లు బయటి నుంచి కనపడుతుంది. దానికి పేరు ఏం పెట్టానో తెలుసా? "వదిన వంటిల్లు." బోర్డు కూడా ఎక్కించేశాను. ఎర్ర అక్షరాలు, రోడ్డు చివర్నుంచి కనపడతాయి. "ఎవరీ వదిన?" అని జనం లోపలికి తొంగి చూసి అడుగుతున్నారు. వస్తోంది, వస్తోంది అని అందరికీ చెప్తున్నాను.

నిన్ను అడగకుండానే పెట్టేశాను. అడిగితే వద్దంటావని తెలుసు. నువ్వూ అన్నయ్యా ఇద్దరూ రావాలి, పొయ్యి దగ్గర నువ్వే ఉండాలి. నీ చేతి వంట తప్ప అక్కడ ఇంకేదీ పెట్టను. ఉన్నదంతా అందులో పోశాను వదినా. ఇది నడవకపోతే పాతదీ దక్కదు.

చప్పుళ్ళు ఇంకా అడుగుతున్నావు గనక రాస్తున్నాను. కూర దగ్గరపడేటప్పుడు గుడగుడ పోయి, టప్పు టప్పుమని విడివిడిగా వినపడుతుంది. అదేం పిచ్చి నీకు? రుచి గురించి ఒక్క ముక్క అడగవు, చప్పుడు చప్పుడు అంటావు!

నీ ఆడపడుచు


ఇంట్లో, ముందు గదిలో నుంచి

చిరంజీవి సౌభాగ్యవతి ఆడపడుచుకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హోటలు నీదైనందుకు చాలా సంతోషం. మీ అన్నయ్య కూడా సంతోషించారు. బోర్డు సంగతి విని మొహమాటపడ్డాను.

ప్రస్తుతం మేము రావడానికి వీలుపడదు. నాకు మోకాళ్ళ నొప్పులు. మీ అన్నయ్యకి ఉద్యోగంలో సెలవు దొరకదు. పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయి. పైగా చలి నాకు పడదు. ఎవరైనా మంచి వంటమనిషిని చూసుకోవడం మేలు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
వదిన


కొత్త హోటల్లో, ఖాళీ బల్ల మీద

వదినా,

నాకు ఒళ్ళు మండుతోంది. "చిరంజీవి సౌభాగ్యవతి" ఏమిటి? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అలా రాశావా? పరాయివాళ్ళకి రాసినట్టు రాస్తావా నాకు?

అన్నయ్య రిటైరయ్యాడు, ఏ సెలవు? పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు, ఏ పరీక్షలు? మోకాళ్ళ నొప్పులైతే మొన్న వీధి చివరిదాకా నడిచి వచ్చావని అన్నయ్యే ఫోన్లో చెప్పాడు. ఇక చలి అంటావా, పొయ్యి ముందు నిలబడే మనిషికి చలేంటి?

గంపెడాశ పెట్టుకున్నాను. తలుపులు తెరుద్దామంటే వండేవాళ్ళు లేరు, మూసేద్దామంటే చేతిలో ఏమీ మిగలలేదు. అది నా తప్పే, అడక్కుండా దిగాను. తిట్టు, పడతాను. నీళ్ళు నమలకుండా అసలు కారణం చెప్పు. నామీద కోపమా? ఇల్లు వదిలి రావడం ఇష్టం లేదా? రానంటే బలవంతపెట్టను, ఇంకోలా ఏదో ఏడుస్తాను. అబద్ధం మాత్రం రాయకు.

నీ ఆడపడుచు


ఇంట్లో, వంటగది గడప మీద నుంచి

అమ్మడూ,

చెప్పేస్తున్నాను. అప్పుడెప్పుడో, నీకు కొత్త ఏప్రన్ ఇచ్చిన రోజుల్లో వచ్చిన జ్వరంతో నా ముక్కూ నాలుకా రెండూ పోయాయి. అప్పట్నుంచీ వాసన లేదు, రుచి లేదు. పంచదార వేసుకున్నా ఉప్పు వేసుకున్నా నోట్లో ఇసుకే. మీ అన్నయ్యకి తెలియకుండా డాక్టర్లకి చూపించుకున్నాను, రావచ్చు అన్నారు. రాలేదు. రాదు.

ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకి కూడా. వంట తప్ప నాకేం వచ్చని? అదీ పోయిందంటే ఈ ఇంట్లో నేనేమిటి? అందుకే నిన్ను చప్పుళ్ళు అడిగాను. నీకు మాత్రమే అడ్డమైన ప్రశ్నలు వేసినా అనుమానం రాదు, నీదీ అదే జబ్బు. నువ్వు రాసినవి పట్టుకుని చెవితో వండటం నేర్చుకున్నాను. రంగు చూస్తాను, వింటాను, గరిటెకి తగిలే బరువు చూస్తాను. నూటికి తొంభైపాళ్ళు కుదురుతోంది. కుదరనిది ఒక్క ఉప్పే. ఉప్పుకి చప్పుడు లేదు.

వంట బావుందనే మీ అన్నయ్య రోజూ అనేవాడు. నేనూ నమ్మాను, గర్వపడ్డాను కూడా. ఒకరోజు బట్టలు ఆరేసి వంటింట్లోకి వస్తుంటే, ఆయన కూర రుచి చూసి గబగబా ఉప్పు కలుపుతున్నాడు. ఎన్నాళ్ళ నుంచో మరి! గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాను. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఇద్దరం బావుంది బావుంది అనుకుంటూ తింటున్నాం. ఆయన నామీద ప్రేమతోనే చేస్తున్నాడు, కాదనను. కానీ అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

నీ బోర్డు దించెయ్యి. ఆ వదిన ఇప్పుడు లేదు.

వదిన


కొత్త హోటల్లో నుంచి

వదినా,

కాసేపు ఏడ్చాను. అది అయిపోయింది. ఇప్పుడు చెప్పు, గరిటె బరువు అంటే ఏమిటి? కూర చిక్కబడితే మణికట్టుకి తెలుస్తుందా, వేళ్ళకా? కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా వినపడుతుందా? అన్నం ఉడికిందని చెవికి ఎలా తెలుస్తుంది? ఉరుముకి చదివి వినిపించాను, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తనకీ నేర్పుతావా అని అడగమన్నాడు. ఆయన ఒకరి దగ్గర నేర్చుకుంటాననడం నేను చూడలేదు.

బోర్డు దించను. నువ్వు విను, నేను రుచి చూస్తాను. నీ కూర ఎలా ఉండాలో ఈ లోకంలో నా నాలుకకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? టిక్కెట్లు పంపుతున్నాను.

నీ ఆడపడుచు


ఇంట్లో, సర్దిన పెట్టెల మధ్య నుంచి

అమ్మడూ,

అయ్యో పాపం అంటావనుకుని భయపడ్డాను. అంటే రాకపోదును. నువ్వు ప్రశ్నలు వేశావు. వస్తున్నాం. గరిటె బరువు మణికట్టుకే తెలుస్తుంది, వచ్చాక చూపిస్తాను.

వదిన


వదిన వంటిల్లు, పొయ్యిల దగ్గర నుంచి

హోటలు ఓనరు గారికి,

ఎదురుగా ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నారేమో. నోటితో చెప్తే ఏడుపొస్తుంది, అందుకని రాస్తున్నాను. బల్లలు తుడిచే అమ్మాయి తెచ్చి ఇస్తుంది.

తమరు రోజూ చెంచా పట్టుకుని వస్తారు, నాలుక మీద వేసుకుంటారు, "బ్రహ్మాండం వదినా!" అంటారు. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే తమరే వచ్చి గుట్టుగా ఉప్పు కలుపుతారు. ఇవాళ కిటికీ అద్దంలో చూశాను. వంటిల్లు బయటి నుంచి కనపడుతుందని మురిసిపోయి ఈ చోటు తీసుకున్నావు కదా, లోపలిది లోపలివాళ్ళకి కూడా కనపడుతుందే!

మొదటి వారం ఒకసారి ఉప్పు చాలలేదన్నావు. నా మొహం చిన్నబోయింది, ఒప్పుకుంటాను. వంటవాళ్ళంతా నావైపే చూశారు. ఆ రోజు నుంచే నీ బ్రహ్మాండాలు మొదలయ్యాయి. మొహం చిన్నబోతే ఏమైంది? మళ్ళీ అదే పెద్దదవుతుంది! మీ అన్నయ్య దాచాడంటే భార్యని బాధపెట్టలేక దాచాడు. నిన్ను నమ్మి ఇంత దూరం వచ్చింది నిజం చెప్తావని. ఇక్కడ కూడా నన్ను పసిపిల్లని ఆడించినట్టు ఆడిస్తే, ఆ ఎర్ర బోర్డు మీదున్నది నా పేరు కాదు.

ఆదివారం వెళ్ళిపోతాం. మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. తమరికే ముందు తెలియాలని.

వదిన


వదిన వంటిల్లు, గల్లాపెట్టె దగ్గర నుంచి

వదినా,

తమరు, గారు అని రాసినందుకు నీతో మళ్ళీ దెబ్బలాడతాను, అది తర్వాత. ఆ రోజు నీ మొహం చూసి నా ప్రాణం చివుక్కుమంది. ఇంకోసారి చూడలేక అబద్ధమాడాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను గానీ నిజానికి నన్ను నేను కాపాడుకున్నాను. ఉరుముకి ఏ రోజూ అలా చెయ్యలేదు. ఆయన అరుస్తాడని తెలిసినా మొహం మీదే చెప్పాను, అందుకే ఆయన చెంచా పంపడం మానలేదు.

వెళ్ళద్దని బతిమాలను. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే తేలిపోతుంది. ఈ కాగితం ఎవరి చేతా పంపడం లేదు, నేనే తెస్తున్నాను. నువ్వు పొయ్యి దగ్గర ఉన్నావు, వంటవాళ్ళంతా చుట్టూ ఉన్నారు, అన్నయ్య ఆ మూల కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. అందరికీ వినపడేట్టు చెప్పి, ఆ తర్వాతే ఇది నీ చేతిలో పెడతాను.

వదినా, ఇవాళ కూర ఉప్పు కషాయం. నోట్లో పెట్టలేకపోయాను. మళ్ళీ వండు.

నీ ఆడపడుచు